పదిహేనేళ్లుగా ఒకే మేనేజర్: ఆ క్లబ్ ఎందుకు గెలుస్తోంది, మీరు ఎక్కడ మొదలుపెట్టాలి

మీ ప్రశ్న ఇదీ: అనంతపురంలో మీదొక చిన్న ఫుట్‌బాల్ క్లబ్. పిల్లోళ్లు, పెద్దోళ్లు కలిపి అరవై మంది. మూడేళ్లలో నలుగురు మేనేజర్లు మారారు. పక్క కాలనీ క్లబ్బుకు పదిహేనేళ్లుగా ఒకాయనే మేనేజర్, వాళ్లు ఏ టోర్నమెంటుకు పోయినా సెమీస్ దాటకుండా ఇంటికి రారు. ఆయన ఏం చేస్తున్నాడు? మీ ముగ్గురు అభ్యర్థుల్లో ఎవరిని పెట్టాలి: జిల్లాకు ఆడిన పాత స్ట్రైకర్‌నా, పీఈటీ సార్‌నా, రోజూ గ్రౌండ్‌కొచ్చి కూర్చునే బట్టల షాపాయననా?

రెండో దానికి ముందు చెప్తా. షాపాయనను పెట్టండి, రోజూ గ్రౌండ్‌లో ఉండేది ఆయనే. స్ట్రైకర్‌ను ఆయన కింద కోచ్‌గా ఉంచండి. పీఈటీ సార్ సాయం తీసుకోండి గానీ బరువంతా ఆయన మీద వేయొద్దు. బదిలీల జాబితా వచ్చిన రోజు మీరు మళ్లీ మొదటికే వస్తారు. మేనేజర్, కోచ్ ఒక్కరే అయ్యుండాలని రూలేం లేదు. చిన్న క్లబ్బుల్లో సగం గొడవలు ఆ రెండు పనులూ ఒకే మనిషి నెత్తిన పెట్టడం వల్లే వస్తాయి.

ఇక మొదటిది. చాలామంది "ఆయనకు ఆట తెలుసు" అనో, "ఆయనంటే పిల్లోళ్లకు భయం" అనో చెప్తారు. రెండూ కొంత నిజమే. కానీ అసలు సంగతి వేరు. జీతాల్లేని క్లబ్బులో ఆటగాడు ఉండడు, పోతాడు. పదో తరగతి కాగానే రెసిడెన్షియల్ కాలేజీకి పోతాడు, ఇంటర్ కాగానే బెంగళూరుకు పోతాడు, ఇంకొకడు అగ్నివీర్ రన్నింగ్‌లో పడతాడు, కడప వైపయితే కువైట్‌కు పోతాడు. మంచి ఆటగాడు ఒక క్లబ్బుకు గట్టిగా ఆడేది నాలుగైదేళ్లు. ఆ పోవడాన్ని ఏడాది ముందే లెక్కేసుకున్న మేనేజరే ఏళ్ల తరబడి గెలుస్తాడు. మీ నలుగురు మేనేజర్లూ ఉన్న పదకొండు మందిని చూసి టీం కట్టారు. పక్క క్లబ్బాయన వచ్చే జూన్‌లో ఉండబోయే పదకొండు మందిని చూసి కడుతున్నాడు.

దీనికి పనిముట్టు ఒక లాంగ్ నోట్‌బుక్. ప్రతి జూన్‌లో సీనియర్ జట్టులో 22 నుంచి 24 పేర్లు రాయండి. ప్రతి పేరు ఎదురుగా నాలుగు గళ్లు: పుట్టిన తేదీ, ఏం చదువుతున్నాడు లేదా ఏం పని చేస్తున్నాడు, పరీక్షలెప్పుడు, ఎప్పుడు వెళ్లిపోయే అవకాశముంది. ఐదో గడి అన్నిటికన్నా ముఖ్యం: అదే పొజిషన్‌లో రెండేళ్లు చిన్నవాడు ఎవడు? మీ లెఫ్ట్ బ్యాక్ ఇంటర్ సెకండియర్ అనుకోండి. మార్చిలో పరీక్షలు, తర్వాత ఎంట్రెన్సులు, జూన్‌కు ఊళ్లో ఉండడు. అంటే నవంబర్ నుంచే వాడి వెనకోడికి ప్రతి మ్యాచ్‌లో కనీసం 20 నిమిషాలు ఇవ్వాలి. ఐదో గడి ఖాళీగా ఉందంటే ఆ పొజిషన్‌కు అండర్-15 బ్యాచ్‌లో ఈ రోజే ఒకణ్ణి మార్చి ఆడించాలి. గోల్‌కీపర్ గడి ఎప్పుడూ ఇద్దరితో నిండి ఉండాలి. రాయలసీమ టోర్నమెంట్లలో మంచి జట్లు ఓడిపోయేది ఎక్కువగా కీపర్ ఊరికి పోయి, పొడుగ్గా ఉన్నాడని ఎవణ్ణో గోల్‌లో నిలబెట్టిన రోజే.

ఇరవై నాలుగు పేర్లు ఎందుకంటే ఆదివారం నిజంగా గ్రౌండ్‌లో దిగేది పద్నాలుగు, పదిహేను మందే. ఒకడికి పెళ్లి, ఒకడికి చేన్లో విత్తనం, ఒకడికి డ్యూటీ. పదహారు పేర్లతో నడిపే క్లబ్ ఏదో ఒక ఆదివారం తొమ్మిది మందితో దిగుతుంది.

నోట్‌బుక్‌లో రెండో భాగం హాజరు. ఇక్కడే చాలామంది మేనేజర్లు దెబ్బ తింటారు. రూల్ ఒక్కటే పెట్టండి: వారంలో మూడు ప్రాక్టీసులుంటే రెండు ఎగ్గొట్టినవాడు ఆదివారం మొదటి పదకొండులో ఉండడు. తర్వాత సబ్‌గా దిగొచ్చు. కారణం ముందే చెప్తే ఆ రోజు లెక్కలోకి రాదు; మ్యాచ్ అయిపోయాక చెప్తే వస్తుంది. ఈ రూల్ అందరికీ తెలుసు, అందరూ ఒప్పుకుంటారు. మీ టాప్ స్కోరర్ రెండు రోజులు రాకుండా సెమీఫైనల్ రోజు స్టడ్స్ వేసుకుని వచ్చినప్పుడే అది నిలబడుతుందో లేదో తేలిపోతుంది. ఆ రోజు వాణ్ణి మొదటి నుంచి ఆడిస్తే ఆ మ్యాచ్ గెలుస్తారేమో గానీ, వచ్చే నెల ప్రాక్టీసుకు ఎనిమిది మందే వస్తారు. బెంచీ మీద కూర్చోబెడితే ఆ మ్యాచ్ ఓడొచ్చు, కానీ ఆ తర్వాత రెండేళ్లు ఆ రూల్ గురించి ఎవరూ మాట్లాడరు. పదిహేనేళ్లు నిలిచిన మేనేజర్లందరూ ఇలాంటి మ్యాచ్ ఒకటో రెండో వదులుకున్నవాళ్లే.

ఎక్కువ కాలం ఉండటం ఎంత పని చేస్తుందో చూడాలంటే రెండు పేర్లు చాలు. ఫ్రాన్స్‌లో ఓసేర్ అనే ఊరుంది, మన గుంతకల్లు కన్నా చాలా చిన్నది. అక్కడి క్లబ్ కింది స్థాయి అమెచ్యూర్ లీగుల్లో ఆడుతున్నప్పుడు, 1961లో, గీ రూ అనే కుర్రాడు పగ్గాలు పట్టాడు. ఆ క్లబ్ ఫస్ట్ డివిజన్‌కు వచ్చింది 1980లో, దేశ ఛాంపియన్ అయ్యింది 1996లో. ముప్పై ఐదేళ్లు. మధ్యలో ఆయన చేసిందంతా ఊరి పిల్లల్ని, చుట్టుపక్కల పిల్లల్ని తయారు చేసుకోవడం, ఖర్చు గట్టిగా పట్టుకోవడం. తర్వాత మాంచెస్టర్ యునైటెడ్‌కు ఆడి పేరు తెచ్చుకున్న ఎరిక్ కాంటోనా లాంటివాడు ఆ శిక్షణలోంచి వచ్చినవాడే.

రెండో పేరు మన తెలుగు నేలదే. సయ్యద్ అబ్దుల్ రహీం, మొదట బడి పంతులు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును చేపట్టి 1963లో చనిపోయేదాకా వదల్లేదు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఇండియా జట్టుకు 1951లోనూ 1962లోనూ ఏషియాడ్ స్వర్ణాలు ఆయన శిక్షణలోనే వచ్చాయి. ఆయన పెట్టిన వాటిలో మీకు పైసా ఖర్చు లేకుండా పనికొచ్చేవి రెండున్నాయి: డ్రిబ్లింగ్ చేయకూడని పోటీలు, బలహీనమైన కాలితోనే ఆడాల్సిన పోటీలు. మీ అండర్-13 బ్యాచ్‌కు శనివారం ఒక గంట ఇవి పెట్టండి. కుడికాలోడు కుడికాలితో తన్నితే బాల్ ఎదుటి జట్టుకు. మొదటి రెండు వారాలు నవ్వులాటగా ఉంటుంది, మూడో నెలకు మీ కుర్రాళ్లు లెఫ్ట్ వైపు నుంచి కూడా క్రాస్ వేస్తుంటారు.

ప్రాక్టీస్ గురించి పొడుగ్గా చెప్పను, కోచ్ పని కోచ్‌కు వదలాలి. మేనేజర్ చూడాల్సింది గంటన్నరలో బాల్ లేకుండా నిలబడే సమయం ఎంతన్నది. గ్రౌండ్ చుట్టూ పది రౌండ్లు పరిగెత్తించి, తర్వాత వరసలో నిలబెట్టి ఒక్కొక్కడితో షాట్ కొట్టించే కోచింగ్ మన దగ్గర ఇంకా పోలేదు. ఇరవై మంది వరసలో నిలబడితే ఒక్కొక్కడికి పావుగంటలో మూడు తన్నులు కూడా దక్కవు. దాని బదులు: మొదటి 20 నిమిషాలు ఫిఫా 11 ప్లస్ వార్మప్ (మూడు భాగాలు, మొత్తం 15 వ్యాయామాలు, వారానికి కనీసం రెండుసార్లు చేస్తేనే మోకాలు, చీలమండ దెబ్బలు తగ్గుతాయి). తర్వాత పావుగంట పది మీటర్ల గడిలో ఐదుగురు బయట, ఇద్దరు లోపల పెట్టి పాసింగ్. తర్వాత అరగంట 30 మీటర్లు బై 20 మీటర్ల చిన్న గ్రౌండ్లలో నలుగురికి నలుగురు. చివర పావుగంట కార్నర్లు, ఫ్రీకిక్కులు, త్రోలు. సమంగా ఉన్న జట్ల మధ్య ఫైనళ్లు ఆ చివరి పావుగంటే గెలిపిస్తుంది, దాన్నే అందరూ చీకటి పడిందని ఎగ్గొడతారు. మిగిలిన నిమిషాలు నీళ్లకు, బాల్స్ ఏరుకోవడానికి. ఇరవై మందికి పది బాల్స్, నలభై కోన్లు, పన్నెండు బిబ్స్ (జట్లను వేరు చేసే రంగు బనియన్లు) ఉంటే ఇదంతా నడుస్తుంది.

బాల్ దగ్గర కాసేపు ఆగుదాం, మన జిల్లాలో డబ్బులు మునిగేది అక్కడే. గరుసు నేల మీద ఖరీదైన చేతికుట్టు పీయూ (సింథటిక్ తోలు) బాల్ రెండు నెలలకే తోలు లేచిపోతుంది. ప్రాక్టీసుకు రబ్బరైజ్డ్ మోల్డెడ్ బాల్ తీసుకోండి, మంచి బాల్స్ రెండింటిని మ్యాచ్‌ల కోసం దాచండి. సీనియర్లకు సైజు 5: చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, బరువు 410 నుంచి 450 గ్రాములు. పదమూడేళ్ల లోపు వాళ్లకు సైజు 4 ఇవ్వండి. చిన్నోళ్లతో సైజు 5 తన్నిస్తే బొటనవేలితో తన్నడం అలవాటవుతుంది, అది తర్వాత పోదు.

గాలి రూలు ప్రకారం 8.5 నుంచి 15.6 పీఎస్‌ఐ. మన గట్టి నేలకు 9 చాలు, అంతకన్నా ఎక్కువుంటే బాల్ మోకాళ్లెత్తు గెంతుతూనే ఉంటుంది, కిందపెట్టి ఆడటం కుదరదు. గేజ్ ఉన్న పంపు ఒకటి కొనండి; బొటనవేలితో నొక్కి చూసి "సరిపోయింది" అనొద్దు. పొద్దున 25 డిగ్రీల చల్లదనంలో 9 పెట్టిన బాల్ ఎండలో 50 డిగ్రీలకు వేడెక్కితే 11 దాకా పోతుంది, కుట్లు సాగి బాల్ కోడిగుడ్డు ఆకారానికి వచ్చేది అందుకే. నీడన ఉంచండి. సూది గుచ్చే ముందు చుక్క గ్లిజరిన్ రాయండి, ఎంగిలి రాస్తే సూది తుప్పు పట్టి వాల్వ్ చిరుగుతుంది. ఇక పల్లేరు కాయలు. వానలు పడిన కొన్ని వారాలకు గ్రౌండ్ అంచుల్లో పసుపు పూల తీగ పాకుతుంది, అప్పుడే కాయ కట్టకముందే వేళ్లతో సహా పీకించాలి. కాయ ఎండి రాలిందంటే బ్లాడర్లూ పోతాయి, ఉత్త కాళ్లతో వచ్చే పిల్లోళ్ల అరికాళ్లూ పోతాయి. కాయలు రాలిపోయి ఉంటే తడిపిన గోనెపట్టా ఒకటి ఈ చివర నుంచి ఆ చివరకు ఈడ్పించండి, ముళ్లన్నీ దానికి గుచ్చుకుని వస్తాయి.

స్టడ్స్ కూడా ఇంతే. టీవీలో చూసి పొడుగు బ్లేడ్ స్టడ్స్ కొంటారు, అవి పచ్చికకు. గట్టి నేలలో అవి దిగవు, చీలమండ మెలికపడుతుంది. పొట్టి రబ్బరు స్టడ్స్ ఎక్కువగా ఉండే టర్ఫ్ షూ చాలు, ధర కూడా తక్కువ.

గ్రౌండ్ గీయడం ఒకసారి నేర్చుకుంటే ఎప్పటికీ పనికొస్తుంది. 36 మీటర్ల తాడు తీసుకుని 9 మీటర్ల దగ్గరొక ముడి, 21 దగ్గరొక ముడి వేసి రెండు కొసలు కలపండి. మూడు మూలలా బిగించి లాగితే 9, 12, 15 త్రిభుజం వస్తుంది, 9, 12 కలిసే చోట గ్రౌండ్ మూల సరిగ్గా లంబంగా ఉంటుంది. గ్రౌండ్ 90 బై 60 అయితే మూల నుంచి మూలకు 108.17 మీటర్లు రావాలి; రెండు కర్ణాలూ సమానంగా రాకపోతే ఎక్కడో వంకర పోయిందని అర్థం. గోల్ 7.32 బై 2.44, పెనాల్టీ స్పాట్ 11 మీటర్లు, పెనాల్టీ ఏరియా ప్రతి పోస్టు నుంచి 16.5, మధ్య వృత్తం వ్యాసార్ధం 9.15. మొత్తం గీత సుమారు 660 మీటర్లు, 50 కిలోల ముగ్గు పిండి బస్తా ఒకటి అటూ ఇటూగా పడుతుంది. సున్నం మాత్రం వాడొద్దు. పడినవాడి కళ్లల్లో, గీరుకుపోయిన మోకాళ్లల్లో పడితే కాలుతుంది. పోస్టులు నేలలో పాతినవి కాకుండా తెచ్చి నిలబెట్టేవైతే వెనక కడ్డీ మీద ఇసుక బస్తాలు వేయకుండా పిల్లోళ్లను దగ్గరకు రానీయొద్దు. పైకడ్డీకి వేలాడితే పోస్టు మీద పడి ప్రాణాలు పోయిన సంఘటనలు చాలా దేశాల్లో ఉన్నాయి.

మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా ప్రాక్టీస్ పొద్దున ఐదున్నర నుంచి ఏడు, లేదా సాయంత్రం ఐదున్నర తర్వాత. ఎండాకాలం మ్యాచ్ పెడితే ఒక్కో హాఫ్‌లో ఒక కూలింగ్ బ్రేక్ అడగండి, ఆట నిబంధనల్లోనే 90 సెకన్ల నుంచి 3 నిమిషాల దాకా దానికి వీలుంది. లీటరు నీళ్లకు ఒక పూర్తి ఓఆర్ఎస్ ప్యాకెట్ (లీటరుకని రాసి ఉన్నది). ప్యాకెట్‌లో సగం వేసి మిగతాది దాచుకోవడం, గ్లాసులో మొత్తం పోయడం రెండూ తప్పే. ఉప్పేసిన పలచని మజ్జిగ కూడా మంచిదే. ఎవడైనా తడబడుతూ, పొంతన లేకుండా మాట్లాడుతుంటే వడదెబ్బ అనుకోండి: ముందు నీడకు లాగి ఒళ్లంతా నీళ్లు పోసి విసరండి, 108కు ఫోన్ చేయండి. చల్లబరచకుండా ఆటోలో వేసుకుని పరిగెత్తొద్దు.

జూన్ నుంచి ఆగస్టు దాకా మన దగ్గర గాలి సంగతి వేరుగా ఆలోచించాలి, రామగిరి గుట్టల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. 2019 నుంచి టాస్ గెలిచినవాడు గోల్ వైపైనా ఎంచుకోవచ్చు, కిక్‌ఆఫ్ అయినా తీసుకోవచ్చు. సాయంత్రం నాలుగింటి మ్యాచ్ అయితే గాలి వాలుగా ఉండే వైపు తీసుకోండి, సెకండ్ హాఫ్‌కు పొద్దుగుంకే వేళకు గాలి సాధారణంగా తగ్గుతుంది. అంటే మీకు పూర్తి గాలి, వాళ్లకు సగం గాలి. ఎదురుగాలి హాఫ్‌లో కీపర్‌తో గోల్‌కిక్ ఎత్తి కొట్టించొద్దు, దగ్గరి డిఫెండర్‌కు నేల మీద ఇవ్వాలి.

ఇక డబ్బు. ఎక్కువ క్లబ్బులు విరిగేది ఆట దగ్గర కాదు, ఇక్కడే. మేనేజర్ చేతిలో నగదు ఉండకూడదు. ఏడుగురు సభ్యులుంటే ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద సొసైటీగా నమోదు చేసుకోవచ్చు. దాని పేరు మీద బ్యాంకు ఖాతా, డబ్బు తీయడానికి ఇద్దరి సంతకాలు, ఆ ఇద్దరిలో మేనేజర్ ఒకరు కాకపోవడమే మేలు. ప్రతి నెలా ఐదో తారీఖులోపు వచ్చింది, పోయింది ఒక పేజీ రాసి ఫోటో తీసి తల్లిదండ్రులున్న వాట్సాప్ గ్రూపులో పెట్టండి. మొదటి ఆర్నెల్లు ఎవరూ చూడరు. ఏడో నెల ఎవడో "బాల్స్ డబ్బులు తిన్నారు" అన్నప్పుడు ఆ ఆరు పేజీలే మాట్లాడతాయి.

దాతలతో జాగ్రత్త. జెర్సీల మీద పేరు వేసుకోమనండి, ప్రైజులు ఆయన చేతుల మీదుగా ఇప్పించండి, దండ వేయండి. టీం లిస్టు మాత్రం కోచ్, మేనేజర్ తప్ప ఇంకెవరూ ముట్టుకోరని సాయం తీసుకునే రోజే, నలుగురి ముందు, నవ్వుతూ చెప్పేయండి. తర్వాత చెప్తే అవమానంగా తీసుకుంటారు.

దసరాకో సంక్రాంతికో పెట్టే నగదు బహుమతి టోర్నమెంట్లకు బెంగళూరు నుంచి నలుగురు ఆటగాళ్లను కిరాయికి తేవడమనే జబ్బొకటుంది. తేవొద్దని నా గట్టి మాట. కప్పు వస్తుంది, నిజమే. కానీ ఆ నలుగురి స్థానాల్లో ఏడాదంతా ప్రాక్టీసుకొచ్చిన నలుగురు కుర్రాళ్లు గీత బయట నిలబడి చూస్తారు, వాళ్లలో ఇద్దరు వచ్చే నెల క్రికెట్‌కు పోతారు. వయసు దాచి ఆడించడం కూడా ఇలాంటిదే, పైగా దొరికితే క్లబ్ మొత్తానికి నిషేధం పడొచ్చు. పుట్టిన సర్టిఫికెట్, ఆధార్ చూసి గానీ ఏ బ్యాచ్‌లోనూ పేరు రాయొద్దు.

ఆడపిల్లల జట్టు పెట్టమని మీరు అడగలేదు గానీ పెట్టండి. ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) వాళ్ల పుణ్యాన మన జిల్లాలో ఆడపిల్లలు ఫుట్‌బాల్ ఆడటం ఎవరికీ వింత కాదు, రాష్ట్రంలో చాలా జిల్లాలకు లేని సౌకర్యం ఇది. కావాల్సినవి మూడే: గ్రౌండ్‌లో ఒక మహిళా కోచ్ లేదా సీనియర్ అమ్మాయి, బట్టలు మార్చుకోడానికి తలుపున్న గది, చీకటి పడకముందే ఇంటికి చేరేలా టైం. మూడోది తప్పితే వారంలోపు సగం మంది ఆగిపోతారు.

కొత్త మేనేజర్‌కు మూడేళ్లు ఇస్తామని కమిటీ మినిట్స్ బుక్కులో రాసి సంతకాలు చేయండి. మధ్యలో దించాల్సింది డబ్బు తేడా వస్తేనో, పిల్లల మీద చెయ్యి చేసుకుంటేనో, ఓడిపోయినందుకు కాదు. ఏడాది చివర కప్పులు లెక్కపెట్టొద్దు. ప్రాక్టీసుకు సగటున ఎంతమంది వచ్చారు, అండర్-15 నుంచి పైకి ఎంతమంది ఎక్కారు, ఐదో గడిలో ఖాళీలెన్ని, ఈ మూడూ చూడండి. మొదటి ఏడాది ఫలితాలు ఇప్పటికన్నా పాడైనా ఆశ్చర్యం లేదు, ఎందుకంటే రూల్ పాటించని ఇద్దరు ముగ్గురు మంచి ఆటగాళ్లు అలిగి పోతారు. రెండో ఏడాది ఆఖరుకు వాళ్లలో ఒకడు తిరిగొస్తాడు. మామూలుగా ఒప్పుకోండి, పంచాయితీ పెట్టొద్దు.

పక్క క్లబ్బాయనలో మీరు కాపీ కొట్టకూడనిది ఒకటుంది. అలాంటి మనుషులు చాలామంది అంతా తలలోనే పెట్టుకుంటారు: ఎవడి ఇల్లెక్కడ, ఎవరి నాన్నతో ఎలా మాట్లాడాలి, గ్రౌండ్ పర్మిషన్‌కు ఏ ఆఫీసులో ఎవరిని కలవాలి. ఆయనకు జ్వరమొస్తే క్లబ్బుకు జ్వరమొస్తుంది. అందుకే మీ షాపాయన పక్కన మొదటి రోజు నుంచే ఇరవై, ఇరవై రెండేళ్ల మనిషి ఒకరు ఉండాలి. ఆడటం మానేసి ఊళ్లోనే ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటున్నవాడైతే మేలు. నోట్‌బుక్ రెండో కాపీ వాడి దగ్గర. మొదటి ఏడాది హాజరు వాడే వేస్తాడు, రెండో ఏడాది అండర్-13 బ్యాచ్ వాడిదే, వీలైతే ఏఐఎఫ్‌ఎఫ్ (అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య) వాళ్ల డీ లైసెన్స్ కోచింగ్ కోర్సుకు క్లబ్ ఖర్చుతో పంపండి. మూడో ఏడాది ఒక టోర్నమెంటుకు మేనేజర్ ఊళ్లో ఉండి కూడా పోకుండా, జట్టును వాడికిచ్చి పంపాలి. బస్సు టికెట్ల దగ్గర నుంచి టీం లిస్టు దాకా అన్నీ వాడే చూసుకుని వస్తే, వచ్చాక లెక్కల పేజీ తీసుకుని, ఏమేం మర్చిపోయాడో రాయించి, అదే నోట్‌బుక్‌లో అతికించండి.